ముడుపు కట్టిన పుస్తకాలు

సెప్టెంబరు 28, ఆదివారం

సింధు వచ్చింది. దసరా సెలవులు. నంద్యాల హాస్టలు తిండికి మనుమరాలి మొహం వాడిపోయింది. సంచి అందుకుంటే బరువుకు చెయ్యి లాగింది — పైన నాలుగు బట్టలు, కింద అంతా పుస్తకాలు. కాలేజీవి కావు. కథలు.

అన్నం కంచం పక్కన కూడా పుస్తకమే. ఎడమ చేత్తో పేజీ, కుడి చేత్తో ముద్ద. కాగితానికి ఊరిబిండి పచ్చడి అంటింది. తుడవను కూడా తుడవలేదు.

ఒళ్ళు మండింది.

సెప్టెంబరు 29

పేజీ మూల మడుస్తుంది. చదువుతున్నది బోర్లా పెట్టి పోతుంది, పుస్తకం నడుము విరిగేటట్టు. వెల్లకిలా పడుకుని కడుపు మీద ఆనించుకుంటుంది. మేము పలకకు కాలు తగిలితే కళ్ళకద్దుకున్నవాళ్ళం. చదివింది అయిదో తరగతే కావచ్చు…

అన్నిటికంటే కోపం ఇది — చివరి పేజీ ముందు చదువుతుంది. కొత్త పుస్తకం చేతికొస్తే వెనక నుంచి తెరుస్తుంది. ఈరోజు అడిగేశాను, ఎందుకట్లా అని.

“ఎవరు సంపినారో ముందే తెలిస్తే నిమ్మళంగా చదువుకోవచ్చు జేజినాయనా. లేకపోతే ఏమైతాదో ఏమైతాదో అని ఉరుకుతాం. మంచి మాటలన్నీ దాటిపోతాయి.”

నైవేద్యం పెట్టకముందే బెల్లం నాకినట్టుంది నాకైతే. అది నవ్వుతుంది.

సెప్టెంబరు 30

నీతి చెప్పే పుస్తకం దానికి పడదు. ‘ఇది నీకు మంచిది’ అని ఎవరైనా ఇస్తే ముట్టుకోదు. ప్రేమ కథలు సగం దాటదు. దొంగలు, ఓడలు, తప్పిపోయిన మనుషులు — అవి కావాలి. ఒకేసారి రెండు చదువుతుంది, పగలు ఒకటి, దీపం పెట్టినాక ఒకటి. నచ్చకపోతే నాలుగు పేజీలకే విసిరికొడుతుంది. నేను మొదలుపెట్టింది వదలను. కంచంలో పెట్టించుకున్నది ఎట్లా వదులుతాం.

కొత్తవాటికంటే పాతవి ఇష్టం. నంద్యాల బస్టాండు దగ్గర బండి మీద ఏరుకుంటుందట. ముందు ఎవరో గీతలు గీసి ఉంటే మరీ సంతోషం. ఒక పేజీ తెచ్చి నా కళ్ళ ముందు పెట్టింది — “ఈడ ఎవరో ఏడ్సినారు, సూడు, అచ్చరం అలికిపోయింది.”

నూనె చుక్క అయి ఉంటుంది అన్నాను.

“నీకు ఏడుపు తెల్దులే.”

రైల్లో దొంగ కథ ఒకటి నాకిచ్చింది. వేలు పెట్టి చదువుతున్నాను. వేలు తీసెయ్యమంటుంది, కళ్ళు వాటంతట అవే పోతాయట. తీశాను. వరుస తప్పింది, చదివిందే మళ్ళీ చదివాను. కోపం వచ్చి వేలు మళ్ళీ పెట్టాను. ఇది నా పద్ధతి.

అక్టోబరు 1

ఆయుధపూజ. నా కొడుకు రమణ తన ఎరువుల అంగడి తక్కెడ, మోటారుసైకిలు, ట్రాక్టరు తాళాలు అన్నీ కడిగి బొట్లు పెట్టాడు. దేవుని గూటి ముందు సింధు కాలేజీ పుస్తకాలు పేర్చారు. అది పోయి తన ఓడ కథ పైన పెట్టింది. రమణ తీసి పక్కన పెట్టాడు. ఇవి చదువులోకి రావని.

“సరస్వతి సిలబస్ సూసి వస్తాదా నాయనా?” అని అడిగింది వాళ్ళ నాయనను.

నాకు నవ్వొచ్చింది. రమణకు రాలేదు.

అక్టోబరు 3

కాలేజీ వాళ్ళు రమణ ఫోనుకు వారం పరీక్ష మార్కులు పంపారు. లెక్కల్లో తగ్గాయి. పండుగ మరుసటి రోజే పంపాలా. వరండాలో నిలబడి గట్టిగా చదివాడు, ఎదురింటికి వినపడేటట్టు. తిట్టాడు. ఈ కథల వల్లే అన్నాడు. పాత కాగితాల వాడికి వేస్తానన్నాడు.

కోడలు అడ్డం వచ్చింది. పుస్తకాలు అట్లా వేయకూడదు, ఉండండి, నేను చూస్తా అంది.

మంచి మాట అన్నది అనుకున్నాను. నా తెలివి.

అక్టోబరు 4

పొద్దున్నే కోడలు తలస్నానం చేసింది. తడి జుట్టుతోనే సింధు పుస్తకాలన్నీ ఏరింది. పసుపులో ముంచి ఆరేసిన కొత్త గుడ్డలో పెట్టింది, మీద రూపాయి బిళ్ళ. ముడుపు కట్టింది. ‘దీనికి ఇంజనీరింగు సీటొస్తే కొండకు తెచ్చి నీ పాదాల కాడ పెడతా నరసింహస్వామీ.’ దేవుని గూట్లో ఎక్కించింది.

రూపాయి బిళ్ళ ముడుపు కడతారు. కోడెదూడను మొక్కుకుంటారు. వెంట్రుకలు మొక్కుకుంటారు. కథల పుస్తకాలు ముడుపు కట్టడం ఎక్కడన్నా ఉందా. ఇప్పుడు విప్పితే దోషం. సీటొస్తే దేవుడివి. రాకపోతే గూట్లోనే. ఎటు తిరిగినా పిల్లకు లేవు.

రమణను పంపి నా తలగడ కింది రైలు దొంగను కూడా తీయించింది. నిద్రలేచి చూస్తే లేదు. సగం కూడా కాలేదు.

సింధు ఏడవలేదు. ఒక్కటే అడిగింది — “నావి నువ్వెట్లా మొక్కుకుంటావ్ మా? నన్ను అడిగితివా?”

“నీ కోసమే గదనే.”

అక్టోబరు 5

సింధు హాస్టలుకు పోయింది. సంచి తేలిక. బస్సు ఎక్కించడానికి నేనే పోయాను. కిటికీలో నుంచి చెప్పింది, నా వైపు చూడకుండా.

“నువ్వన్నా ఒక మాట అనకపోతివే జేజినాయనా.”

బస్సు కదిలింది.

అక్టోబరు 6

ఎట్లా అనాలి. ఎవరితో అనాలి.

కోడలితో ఎదురుగా నిలబడి మాట్లాడిన మనిషిని కాను. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి లేదు. నేను వరండాలోకి వస్తే ఆమె తలుపు చాటుకు పోతుంది. మా ఇళ్ళలో మామలందరూ ఇంతే. ముసలిది బతికి ఉన్నప్పుడు దాని ద్వారా. పోయినాక రమణ, లేకపోతే సింధు. నీళ్ళు కావాలంటే దగ్గుతాను. చెంబు గడప మీదికి వస్తుంది.

పుస్తకాలు కావాలంటే ఎట్లా దగ్గాలి.

అక్టోబరు 8

రమణతో అన్నాను. ఆ ముడుపు విప్పించు అని. అంగడి లెక్క చూసుకుంటూ తల ఎత్తలేదు.

“దేవునిది నాయనా. కట్టింది ఆమె. నన్నేం జేయమంటావ్?”

నీ పెండ్లాం కదరా అన్నాను.

“సీటు రానీ, అంగడి నిండా కొనిస్తా పుస్తకాలు. నీకూ కొనిస్తా.”

నాకు అంగడి నిండా ఎందుకు. దానికీ ఎందుకు. అది చదివి, మూలలు మడిచి, ఊరిబిండి పూసుకున్నవి ఆ గుడ్డలో ఉన్నాయి. వీడికి ఎరువు మూటకూ పుస్తకాల మూటకూ తేడా తెలియదు. ఒకటి పోతే ఇంకొకటి.

అక్టోబరు 12, ఆదివారం

హాస్టలు నుంచి ఫోను. ఆదివారం ఒక్క పూట ఇస్తారు. ఎప్పుడూ అందరితో అయినాక చివర నాతో — ఏ పుస్తకం, ఎవరు చచ్చారు, ఎవరు దొంగ, నేను వద్దంటున్నా చెప్పేస్తుంది.

ఈరోజు… తిన్నావా. తిన్నా. ఏం చదువుతున్నావు. కెమిస్ట్రీ. అంతే. ఉంటా అంది.

అక్టోబరు 15

ఎవరికీ చెప్పకుండా కొండకు పోయాను. అర్చకుడిని అడగాలని. చిన్నవాడు, రమణకంటే చిన్నవాడు. జనం పోయేదాకా స్తంభం పక్కన నిలబడ్డాను. పోయినవాళ్ళు పోతున్నారు, వచ్చేవాళ్ళు వస్తున్నారు. నా నోరు తెరుచుకోదు. చివరికి ఆయనే ఏం కావాలని అడిగాడు.

ముడుపు విప్పవచ్చా అన్నాను.

మొక్కుకున్నవాళ్ళే విప్పాలి, ఇంకొకరు ముట్టకూడదు అన్నాడు. స్వామి ముందు చెప్పుకుని ఒక మొక్కుకు బదులు ఇంకొకటి పెట్టుకోవచ్చు, అది కూడా వాళ్ళే చేయాలి. ఇంతకూ ఏం కట్టారు అన్నాడు.

పుస్తకాలు. కథలవి.

“హుండీలో పట్టవు గదా పెద్దాయనా.”

నవ్వాడు. వెనక వరుసలో ఆడవాళ్ళు కూడా నవ్వారు. మెట్లు దిగుతూ వాళ్ళకు సమాధానాలు అనుకున్నాను, ఒకదానికంటే ఒకటి బాగా ఉన్నాయి. బస్సులో కూడా అనుకున్నాను. అక్కడ ఒక్కటీ రాలేదు.

అక్టోబరు 16

మొక్కుకున్నవాళ్ళే విప్పాలి. అంటే కోడలే. అంటే నేనే అడగాలి.

ఈరోజు వల్ల కాలేదు.

అక్టోబరు 20

దీపావళి. సింధు రాలేదు. ఒక్కరోజుకు ఎందుకు రావడం అందట. నిరుడు మిద్దె మెట్ల మీద కూర్చుని, చుట్టూ టపాసులు పేలుతుంటే తల ఎత్తకుండా చదివింది. నిప్పురవ్వ పడి పేజీకి బొక్క పడింది. తిట్టాను. ‘బొక్కలో నుంచి వెనక పేజీ మాట కనపడుతాంది జేజినాయనా’ అని మురిసిపోయింది.

ఆ బొక్క పుస్తకం కూడా ముడుపులోనే ఉంది.

అక్టోబరు 26, ఆదివారం

రమణతో నంద్యాల పోయాను. ఆదివారం చూడనిస్తారు. పోయే ముందు ఆళ్ళగడ్డ గ్రంథాలయంలో నా కార్డు మీద ఒక పుస్తకం తీసుకున్నాను. అక్కడాయన ఏం కావాలన్నాడు. దొంగలున్నది అన్నాను. చొక్కా లోపల, బొడ్డు దగ్గర దోపుకున్నాను. దారంతా గుచ్చుకుంది.

రమణ ఆఫీసు గదిలోకి పోయినప్పుడు తీసి ఇచ్చాను.

అట్ట చూసింది. చేత్తో తడిమింది. చివరి పేజీ తిప్పుతుందని చూస్తున్నాను. తిప్పలేదు. తిరిగి నా చేతిలో పెట్టింది.

“వద్దు జేజినాయనా. చదవబుద్ధి కాల్యా.”

వార్డెను భయమా అన్నాను. కాదంది. ఊరికే. బుద్ధి కావడం లేదు. కళ్ళు వరుసల మీద పోతాయి కానీ లోపలికి ఏదీ పోదు అంది.

రమణ సంతోషంగా బయటికి వచ్చాడు. లెక్కల్లో మార్కులు పెరిగాయట. బండి ఎక్కుతూ — “సూస్తివా నాయనా. స్వామి మహిమ.”

నాకు వాడిని కొట్టాలనిపించింది. వాడికి తల నెరుస్తోంది. అయినా అనిపించింది.

అక్టోబరు 27

చివరి పేజీ తిప్పలేదు.

అక్టోబరు 28

దగ్గాను. చెంబు వచ్చింది. తాగి, మళ్ళీ దగ్గాను. మళ్ళీ చెంబు వచ్చింది. ఇంకోసారి దగ్గితే మందు తెమ్మని అంగడిలో ఉన్న రమణకు ఫోను చేసింది.

అక్టోబరు 30

అన్నాను.

కోడలు పెరట్లో శనగలు చెరుగుతోంది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. “ఆ ముడుపు విప్పాల” అన్నాను గోడతో. చేట ఆగింది.

లేచి లోపలికి పోతుందనుకున్నాను. పోలేదు.

“అది చదువుకుని యాడికన్నా పోవాల మామా. నా మాదిరి శనగలు చెరుగుతా కూర్చోకూడదు. నాకు లెక్కలు తెల్దు, ఆ పుస్తకాలు తెల్దు. మొక్కుకోవడం ఒకటే తెల్సు. తెలిసింది చేసినా.”

అప్పుడు తిరిగాను. ఇన్నేళ్ళకు మొహం సరిగ్గా చూశాను. ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉంది, నాకు తెలియనే తెలియదు.

కోపం ఎక్కువైంది, ఎవరి మీదో తెలియదు. “నీది కానిది మొక్కుకుంటివే. వెంట్రుకలు మొక్కుకోవాలంటే నీ తల మొక్కుకుంటావు గానీ పక్కింటామె తల మొక్కుకుంటావా?”

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వింది. ఆ నవ్వులోనే ఏడ్చింది.

హాస్టల్లో జరిగింది చెప్పాను. చివరి పేజీ తిప్పలేదు అన్నాను. అంటే ఏంది మామా అంది. అంటే ఏందో చెప్పాను. వెనక నుంచి తెరవడం, మూలలు మడవడం, నచ్చకపోతే విసిరేయడం, ఎవరో ఏడ్చిన చోటు వెతుక్కోవడం — అన్నీ. నేను దాన్ని తిట్టుకున్నవే. నా నోటి నుంచి అంత పొడుగు మాట ఎప్పుడూ రాలేదు. నోరు ఎండిపోయింది. నీళ్ళిచ్చింది, గడప మీద పెట్టకుండా చేతికే.

“మార్కులు పెరిగినాయి గదా మామా?”

పెరిగినాయి.

“విప్పినాక తగ్గితే?”

చెంబు ఆమె చేతికే తిరిగి ఇచ్చాను.

నవంబరు 1

కోడలు తలుపు చాటున కాకుండా గడప మీదే నిలబడి అడిగింది — ఆ పుస్తకాల్లో ఏముంటాది మామా అని.

రైలు దొంగ సంగతి చెప్పాను. రాత్రి రైల్లో ఒక ముసలామె పెట్టె పోతుంది. దొంగ అదే బోగీలో, ఆమె పక్క సీట్లోనే కూర్చుని ఆమెకు ధైర్యం చెబుతుంటాడు. పొయ్యి మీద పాలు పొంగాయి. పోయి దించి వచ్చింది, మళ్ళీ నిలబడింది.

“చివరికి దొరికినాడా?”

తెలియదు అన్నాను. ఆడికి రాకముందే తలగడ కింద నుంచి తీసుకుపోతిరి.

తల వంచుకుంది. సిగ్గుపడాల్సిందే.

నవంబరు 2, ఆదివారం

రమణ అంగడి సరుకుకు కర్నూలు పోయాడు. కోడలు తెల్లవారకముందే తలస్నానం చేసింది. గూటి ముందు చాలాసేపు నిలబడింది. పెదవులు కదిలాయి. ముడుపు కిందికి దించింది.

“పుస్తకాల బదులు నా తల మొక్కుకున్నా మామా. సీటొస్తే నా తలనీలాలే ఇస్తానని.”

నేను కోపంలో అన్న మాట. అదే పట్టుకుంది.

ముడి మాత్రం విప్పలేదు. దాని చేతనే విప్పిస్తా, దాని కండ్ల ముందర అంది. నంద్యాల బస్సు. ఆమె ముందు సీట్లో, నేను వెనక. ముడుపు ఆమె ఒళ్ళో. శిరివెళ్ళ దగ్గర ఎక్కినామె ఏ గుడికి పోతాండారు అని అడిగింది. కూతురి దగ్గరికి అంది కోడలు.

హాస్టలు గేటు లోపల వేపచెట్టు కింద సిమెంటు బల్ల. సింధు వచ్చింది. ముడుపు చూసి ఆగిపోయింది.

“విప్పుకో పాపా. తప్పు చేసినా. నీవి నీకు.”

చెయ్యి ముందుకు పెట్టింది సింధు. ముడి దాకా వచ్చింది. ఆగింది. వెనక్కి తీసుకుంది.

“వద్దు మా. ఉండనీ.”

“మొక్కు మార్చుకున్నానే. దోషం లేదు.”

“అది కాదు… అది కట్టినాకే మార్కులు పెరిగినాయి గదా. ఇప్పుడు విప్పితే… నాకు బయమైతాంది.”

సరస్వతి సిలబస్ సూసి వస్తాదా అన్న పిల్ల. అది నిద్ర మానుకుని లెక్కలు చేసింది కాబట్టి పెరిగాయి. అదే చెప్పాను, నువ్వు చేసినావు కాబట్టి పెరిగినాయి, గుడ్డ ఏం చేసింది అన్నాను. గట్టిగానే అన్నాను. గేటు దగ్గర మనిషి తిరిగి చూశాడు.

“తెల్సు జేజినాయనా. తెల్సు గానీ బయమైతాంది.”

తల్లి పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. గంట కొట్టారు. సింధు లోపలికి పోతూ వెనక్కి చూసింది, మా వైపు కాదు, ముడుపు వైపు.

వచ్చేటప్పుడు బస్సులో ముడుపు నా ఒళ్ళో పెట్టింది. చేతులు నొప్పి అంది.

ఎవరినని తిట్టాలి. రమణనా, ఆ మార్కులు పంపేవాళ్ళనా, ఈమెనా. గుడ్డ కట్టింది ఈమె. భయం దానికి ఎవరు కట్టారో… నేనా, ఆరోజు నోరు మూసుకుని నిలబడి.

నవంబరు 3

ముడుపు నా మంచం మీద ఉంది. కోడలు గూట్లో పెట్టలేదు. నిన్న ఇంటికి రాగానే నా తలగడ పక్కన పెట్టి పోయింది. ఎందుకని అడగలేదు.

రమణ పొద్దున చూశాడు. అరిచాడు. స్వామి దగ్గరిది మంచం మీద పెడతారా, మార్కులు పెరుగుతాంటే మీకెవరికీ ఓర్వబుద్ధి కాదా అని.

“విప్పుతావా, ఎత్తి గూట్లో పెడతావా? ఏదో ఒకటి చెయ్” అన్నాను.

రెండూ చేయలేదు. ముట్టుకోలేదు కూడా. అంగడికి పోయాడు.

నవంబరు 5

పౌర్ణమి. కోడలు దీపాలు పెట్టింది. నా గది గడప మీద కూడా ఒకటి. వంగి పెడుతూ ముడుపు వైపు చూసింది.

“ఎవరో ఒకరు విప్పాల మామా” అంది. పోయింది.

నవంబరు 6

మొక్కు మారిపోయింది. కాబట్టి అది ముడుపు కాదు. మామూలు మూట. అర్చకుడి మాట ప్రకారం చూసినా ఇంతే.

అట్లా అనుకుంటూనే పొద్దుటి నుంచి దానికి కాలు తగలకుండా ముడుచుకుని కూర్చున్నాను. నాకేం పరీక్షలున్నాయి, భయపడడానికి. ఏం సీటు రావాలి నాకు.

సింధుకు ఉన్నాయి. అదే.

పది రోజుల్లో దానికి పెద్ద పరీక్ష ఒకటి ఉందని రమణ అన్నాడు. తగ్గితే — నన్ను అంటారు. అననీ. అది నన్ను అంటే…

మధ్యాహ్నం తలుపు వేసుకున్నాను. ముడి పట్టుకున్నాను. పసుపు ఎండి గట్టిపడింది. గోరు దూరడం లేదు. ఎంత బిగించి కట్టిందో ఆమె, ఎంత భయపడి కట్టిందో. పంటితో పట్టి చూశాను. ఉన్నవి నాలుగు పళ్ళు, అవీ జారాయి. దేవుడి మీద, ముడి మీద, పళ్ళ మీద అన్నిటి మీదా కోపం వచ్చింది.

గడప దగ్గర చెంబు ఉంది. నీళ్ళు తెచ్చి ముడి మీద కొంచెం కొంచెం పోశాను, పుస్తకాలకు తగలకుండా. పసుపు వేళ్ళకు దిగింది.

నానాలి.